జనవరి 3న అట్టడుగున, జూన్ 12న కప్పుతో: సెయింట్ లూయిస్ బ్లూస్ 2018-19 సీజన్ ఆటా, లాటరీయా?

#1 కొత్త_అద్దెవాడు

అమెరికాలోని సెయింట్ లూయిస్‌కి మారి మూడు నెలలైంది. ఈ ఊళ్లో ఎవరిని కదిపినా, ఇక్కడి ఐస్ హాకీ జట్టు బ్లూస్ గురించి ఒకటే పాట: "2019లో మా బ్లూస్..." అపార్ట్‌మెంట్ మేనేజరూ అదే, జుట్టు కత్తిరించే అతనూ అదే. ఆఫీసులో నా పక్క సీటాయనైతే ప్రాజెక్టు వెనకబడిందని ఎవరన్నా చాలు, "జనవరి 3న మనం ఆఖరి స్థానంలో ఉన్నాం, గుర్తుందా?" అంటాడు. నాకేం గుర్తుంటుంది, నేనప్పుడు కాకినాడలో ఉన్నాను.

సరే అని కూర్చుని చూశాను. ఎన్‌హెచ్‌ఎల్ అని, ఆ ఏడు 31 జట్ల లీగు. ఒక్కో జట్టుకి 82 మ్యాచ్‌లు. 2019 జనవరి 3 ఉదయానికి బ్లూస్ 37 ఆడి 15 గెలిచారు, 34 పాయింట్లతో 31వ స్థానం. అదే జట్టు జూన్ 12న ఫైనల్లో బాస్టన్ బ్రూయిన్స్‌ని ఓడించి, లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పు ఎత్తింది.

వీళ్లంతా దీన్ని గొప్పగా చెప్తున్నారు కానీ నాకైతే లీగు మీదే అనుమానం వస్తోంది. మూడు నెలలు చెత్తగా ఆడినవాడికి కప్పు ఇస్తే ఆ మూడు నెలలూ ఎందుకు ఆడించినట్టు? ఐస్ హాకీ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. రింక్ (ఆడే మంచు మైదానం) అంటే మొన్నటిదాకా రింకూ సింగ్ ముద్దుపేరు అనుకున్నవాణ్ణి, అఆల నుంచి మొదలెట్టండి.

#2 నైట్‌షిఫ్ట్_నరేష్

కాలం కలిసొస్తే నడిచొచ్చే కొడుకు పుడతాడు. అయిపోయింది, థ్రెడ్ మూసేయండి.

#3 చెస్టర్‌ఫీల్డ్_శీను

నరేష్, నువ్వు సామెత చెప్పి పడుకుంటే సరిపోదు. ఇక్కడ 52 ఏళ్లు ఏడ్చిన ఊరుంది.

నేను 2006 నుంచి ఇక్కడే ఉన్నా. బ్లూస్ 1967లో పుట్టిన జట్టు. మొదటి మూడేళ్లూ ఫైనల్‌కి వెళ్లారు, మూడుసార్లూ ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా పోయారు. 12 ఆడితే 12 ఓటమి. మూడోది 1970లో, బాస్టన్ చేతిలో. బాబీ ఆర్ గోల్ కొట్టి గాల్లో అడ్డంగా తేలుతున్న ఫొటో ఎక్కడో చూసే ఉంటావు, ఆ గోల్ పడింది మా వలలోనే. ఆ తర్వాత 49 ఏళ్లు ఫైనల్ మొహం చూడలేదు. అలాగని చెత్త జట్టూ కాదు. 1980 నుంచి 2004 దాకా వరసగా 25 సార్లు ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. ప్రతి ఏడూ పెళ్లిచూపులే, పెళ్లి మాత్రం లేదు. 1983లో యజమానులు జట్టుని కెనడాలోని సాస్కటూన్‌కి అమ్మేయబోతే లీగు ఒప్పుకోలేదు. ఆ గొడవలో ఆ ఏడాది, కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కి బ్లూస్ తరఫున మనిషే వెళ్లలేదు.

ఇక 2018 వేసవి. మేనేజర్ డగ్ ఆర్మ్‌స్ట్రాంగ్ చేయగలిగిందంతా చేశాడు. బఫలో నుంచి రయన్ ఓ'రైలీని తెచ్చాడు. పెరాన్, బోజాక్ వచ్చారు. ఈ ఊరి కుర్రాడు పాట్ మరూన్ కొడుక్కి దగ్గరగా ఉండొచ్చని తక్కువ డబ్బుకే ఏడాది ఒప్పందం మీద వచ్చాడు. కాగితం మీద చూస్తే కప్పు కొట్టే జట్టు. మంచు మీదికి దిగాక తుస్సు. 19 మ్యాచ్‌లకి 7 గెలుపులు. నవంబరు 19న సొంతూళ్లో లాస్ ఏంజెలెస్ మీద 2-0తో ఓడారు, ఆ రాత్రే కోచ్ మైక్ యో ఉద్యోగం పోయింది. తాత్కాలిక కోచ్‌గా క్రెయిగ్ బెరూబీ వచ్చాడు. అయినా వెంటనే ఏం మారలేదు. డిసెంబరులో ప్రాక్టీసులో బోర్టుజో, సాన్‌ఫర్డ్ పిడిగుద్దులు గుద్దుకున్నారు. ఇద్దరూ మనవాళ్లే!

నిజం చెప్తున్నా, ఆ క్రిస్మస్‌కి మా ఆఫీసులో ఒకాయన ఫిబ్రవరి టికెట్లు ఊరికే ఇస్తానంటే నేను వద్దన్నాను. ఆ తప్పుకి ఇప్పటికీ మా ఆవిడ దెప్పుతూనే ఉంది.

#4 కొత్త_అద్దెవాడు

15 గెలుపులకి 34 పాయింట్లు ఎలా వచ్చాయండీ? 30 కదా రావాలి.

#5 లెక్కల_మాస్టారు

గెలిస్తే 2. మామూలు 60 నిమిషాల్లో ఓడితే సున్నా. స్కోరు సమమై అదనపు సమయంలోనో (ఓవర్‌టైమ్), ఒక్కొక్కరే వచ్చి గోల్ కొట్టే షూటౌట్‌లోనో ఓడితే ఓదార్పుగా 1. బ్లూస్‌ది అప్పటికి 15-18-4 (గెలుపు, ఓటమి, ఓదార్పు ఓటమి). ముప్ఫై, పైన నాలుగు.

ఇప్పుడు మిగతా 45 మ్యాచ్‌లు చూడండి: 30-10-5. అంటే 65 పాయింట్లు. మొత్తం 99, లీగులోని నాలుగు విభాగాల్లో ఒకటైన సెంట్రల్ డివిజన్‌లో మూడో స్థానం. ఒక వారం మెరిసి మాయమైన జట్టు కాదిది, సగానికి పైగా సీజన్ ఇలా ఆడింది. దీన్ని లాటరీ అనడం నాకు నచ్చదు.

#6 నైట్‌షిఫ్ట్_నరేష్

30-10-5 అంటే తాళం నంబరేమో అనుకున్నా మాస్టారూ.

#7 టొరంటో_తాతయ్య

అసలు మనిషి పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేం? జోర్డన్ బినింగ్టన్. మిగతాదంతా తాలింపే.

సీజన్ మొదట్లో ఆ కుర్రాడు వల కాసే గోలీల వరసలో నాలుగోవాడు. 2011లో డ్రాఫ్ట్ చేశారు, ఏడేళ్లు చిన్న లీగుల్లోనే తిరిగాడు. ముందు ఏడాది అయితే బ్లూస్‌కి సొంతంగా చిన్న జట్టు కూడా లేక అతన్ని ప్రావిడెన్స్‌కి అరువిచ్చారు. ప్రావిడెన్స్ ఎవరిదో తెలుసా? బాస్టన్ బ్రూయిన్స్ పిల్ల జట్టు!

2019 జనవరి 7, ఫిలడెల్ఫియా. మొదటి నుంచి ఆడిన తొలి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లోనే 25 షాట్లు ఆపి 3-0. సీజన్ అయ్యేసరికి 24 గెలుపులు, 5 ఓటములు, ఒకటి ఓవర్‌టైమ్‌లో. మ్యాచ్‌కి రెండు గోల్స్ కూడా ఇవ్వలేదు సగటున.

అద్దెబ్బాయ్, నీకు క్రికెట్ భాషలో చెప్తా. ఇక్కడ గోలీ అంటే వికెట్ కీపరూ, డెత్ ఓవర్ల బౌలరూ, అంపైర్ నిర్ణయమూ ముగ్గురూ ఒకడే.

#8 బాస్టన్_బావ

మా ఉప్పు తిన్నాడు, మా గూట్లో ప్రాక్టీసు చేశాడు, చివరికి మా ఇంటికొచ్చి మా గుండెల మీదే కప్పు ఎత్తాడు. ఆ 7వ మ్యాచ్‌కి నేను 7 గంటలకే సోఫాలో కూర్చున్నా. ఈ థ్రెడ్ చదవకూడదు అనుకుంటూనే చదువుతున్నా.

#9 చెస్టర్‌ఫీల్డ్_శీను

రా బావా, నీ కోసమే కుర్చీ వేసి ఉంచాం.

#10 లెక్కల_మాస్టారు

తాతయ్య గారితో సగమే ఏకీభవిస్తాను. బినింగ్టన్ రాకముందు వల కాసిన జేక్ ఆలెన్ ఆ సీజన్లో వందకి 90న్నర షాట్లు ఆపాడు. బినింగ్టన్ 92.7. చూడటానికి రెండే తేడా. కానీ రాత్రికి 30 షాట్లు వస్తే ఒక్కో మ్యాచ్‌కి అరగోలు పైనే పోతుంది. మ్యాచ్‌లో రెండు జట్లవీ కలిపి ఆరు గోల్స్ పడే ఆటలో అరగోలంటే మాటలు కాదు.

అంటే ఏమిటి? ముందు మూడు నెలలూ జట్టు కనిపించినంత చెత్తగా లేదు, వల దగ్గర చిల్లు ఉంది. కుండ బాగానే ఉంది, అడుగున కన్నం. పైగా 31 జట్లకీ జీతాల పరిమితి ఒకటే, ఆ ఏడు 79.5 మిలియన్ డాలర్లు. ఎవరూ ఎవరికంటే ఆకాశమంత ఎత్తులో ఉండరు. అందుకే ఒక్క కన్నం పూడ్చితే 31 నుంచి పైకి రావచ్చు.

#11 ఫ్రిస్కో_రమణి

మాస్టారూ, అయితే కోచ్ ఏం చేసినట్టు? ఊరికే నిలబడి చూయింగ్ గమ్ నమిలాడా?

మా పెద్దాడు ఎనిమిదేళ్లుగా హాకీ ఆడుతున్నాడు (డాలస్ స్టార్స్ ప్రాక్టీసు చేసేది మా ఫ్రిస్కోలోనే, వాడికి అక్కడే అంటుకుంది). తెల్లారి ఐదుకి లేచి వాణ్ణి రింక్‌కి తీసుకెళ్లే నా బోటి అమ్మలకి అడగండి, కోచ్ మారితే పిల్లలు ఎలా మారతారో. కాళ్ల ప్యాడ్లు, హెల్మెట్లు ఉన్న ఆ బ్యాగు వాసన గురించి మాత్రం అడగొద్దు. పక్కన ఆవకాయ జాడీ మూత తీసిపెట్టినా ఆ వాసనే గెలుస్తుంది.

#12 చెస్టర్‌ఫీల్డ్_శీను

రమణి గారు అన్నదే నా మాట కూడా. బెరూబీ ఆటగాడిగా వెయ్యి మ్యాచ్‌లు ఆడినవాడు, తప్పు చేసినవాణ్ణి కూర్చోబెట్టే పెనాల్టీ బాక్సులో మూడు వేల నిమిషాలకు పైగా కూర్చున్నవాడు. ఆయన పథకంలో గొప్ప రహస్యమేం లేదు. పక్ (ఆడే రబ్బరు బిళ్ల) అవతలి వాళ్ల మూలలోకి పంపు, వాడు తీసేలోపు ఇద్దరు వెళ్లి మీద పడు, మళ్లీ పడు. ఏడు మ్యాచ్‌ల సిరీస్ అయ్యేసరికి అవతలివాడి నడుం విరగాలి. సుందరమైన ఆట కాదు. మా అమ్మ టీవీలో చూసి "కుస్తీ అని చెప్పొచ్చుగా, హాకీ అన్నావెందుకు?" అంది.

ఇంకొకటి. ఆయన ఆటగాళ్ల గదిలో పాయింట్ల పట్టిక తీసేయించాడని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. నిజమో కాదో నేను వెళ్లి చూడలేదు కానీ, మా టీములో కూడా ఆ పని చేస్తే బాగుణ్ణు అనిపిస్తుంది ప్రతి సోమవారం.

#13 నైట్‌షిఫ్ట్_నరేష్

గోలీ ఒకరు, కోచ్ ఒకరు, లెక్కలు ఒకరు. గుడ్డివాళ్లు ఏనుగుని తడిమినట్టుంది. ఎవరైనా పాట గురించి చెప్పండి, నాకు తెలిసిన ముక్క అదొక్కటే.

#14 చెస్టర్‌ఫీల్డ్_శీను

చెప్తా. జనవరి 6, బినింగ్టన్ మొదటి మ్యాచ్‌కి ముందు రోజు. బ్లూస్ ఆటగాళ్లు కొందరు ఫిలడెల్ఫియాలో ఒక బారులో కూర్చుని అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తున్నారు, ఈగల్స్‌కీ షికాగో బేర్స్‌కీ ప్లేఆఫ్. విరామం వచ్చినప్పుడల్లా ఎవడో "గ్లోరియా పెట్టు!" అని అరుస్తున్నాడు. 1982 నాటి లారా బ్రానిగన్ పాట. పెట్టగానే బారంతా లేచి గంతులు. మనవాళ్లకి అది తెగ నచ్చి, ఇక నుంచి మనం గెలిచినప్పుడల్లా ఇదే అనుకున్నారు. మర్నాడు గెలిచారు. జనవరి 23 నుంచి ఫిబ్రవరి 19 దాకా వరసగా 11 గెలుపులు, అప్పటికి జట్టు రికార్డు. మార్చికి ఊళ్లో కూరగాయల దుకాణంలో కూడా గ్లోరియాయే.

#15 అమలాపురం_అచ్చిబాబు

మా వైపు దింపుడు కళ్లం అని ఒకటి ఉంటుంది. పాడెని దారి మధ్యలో దించి, చెవిలో మూడుసార్లు పేరు పిలుస్తారు, ఏమో లేస్తాడేమో అని. ఎవరూ లేచిన దాఖలా లేదు.

జనవరి 3 ఈ జట్టుకి దింపుడు కళ్లం. చెవిలో పిలిచిన పేరు గ్లోరియా. శవం లేచి కూర్చుని కాఫీ అడిగింది.

#16 టొరంటో_తాతయ్య

అచ్చిబాబూ, నీకు వంద దండాలు. ఇది మా మనవడికి ఇంగ్లీషులో చెప్పాలని చూశాను, కుదర్లేదు.

#17 కొత్త_అద్దెవాడు

సరే, మిగిలిన సీజన్ బాగా ఆడారు, ఒప్పుకుంటా. కానీ ప్లేఆఫ్స్ చదువుతుంటే నా అనుమానం మళ్లీ మొదలైంది. ఆ ఏడు టాంపా బే అని ఒక జట్టు 62 మ్యాచ్‌లు గెలిచి 128 పాయింట్లతో మొదటి స్థానం. మొదటి రౌండ్లోనే కొలంబస్ చేతిలో 4-0తో ఇంటికి! నాలుగు డివిజన్ల విజేతలూ మొదటి రౌండ్లోనే పోయారు. ఇది లాటరీ కాక ఏమిటి మాస్టారూ?

#18 లెక్కల_మాస్టారు

మంచి ప్రశ్న. గోల్స్ తక్కువ పడే ఆటలో అదృష్టం పాలు ఎక్కువే, కాదనను. అందుకే ఒక్క మ్యాచ్‌తో తేల్చకుండా ఏడేసి మ్యాచ్‌ల సిరీస్ పెట్టారు. కప్పు కావాలంటే నాలుగు సిరీస్‌లు, 16 గెలుపులు. ఒక లాటరీ తగలొచ్చు, వరసగా నాలుగు తగిలితే టికెట్లు అమ్మేవాడు నీ బావమరిది అయ్యుండాలి.

బ్లూస్ ఆ ప్లేఆఫ్స్‌లో 26 ఆడి 16 గెలిచారు. ఇంట్లో 6-7. పరాయి ఊళ్లలో 10-3! ఓడిన మ్యాచ్ తర్వాతి మ్యాచ్‌ల్లో బినింగ్టన్ 8-2. అదృష్టానికి ఊరు తెలీదు, నిన్న ఓడావని కూడా తెలీదు. ఈ రెండు అంకెలూ నాకు మనుషుల గురించి చెప్తున్నాయి.

#19 ఫ్రిస్కో_రమణి

రెండో రౌండ్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే అది మా పుండు. బ్లూస్, మా స్టార్స్, మే 7, ఏడో మ్యాచ్. మా గోలీ బెన్ బిషప్ పెరిగింది సెయింట్ లూయిస్‌లోనే. ఆ రాత్రి 52 షాట్లు ఆపాడు. యాభై రెండు! 1-1. ప్లేఆఫ్స్‌లో షూటౌట్ ఉండదు, ఎవరో ఒకరు కొట్టేదాకా ఇరవై నిమిషాల చొప్పున ఆడుతూనే ఉండాలి. రెండో ఓవర్‌టైమ్‌లో మా జేమీ బెన్ వల వెనక నుంచి చుట్టి కొడితే పక్ గీత దాకా వచ్చి ఆగింది. మా వాడు అప్పటికే చేతులెత్తేశాడు, నేను పాలగిన్నె పొయ్యి మీద మరిచిపోయాను. కాసేపటికి పక్ బిషప్ మెడ వెనక తగిలి కింద పడింది. అక్కడ నిలబడ్డది ఎవరు? మరూన్. అతనూ సెయింట్ లూయిస్ పిల్లాడే. సొంతూరి వాడు సొంతూరి వాడి మీద, సొంతూళ్లో కొట్టాడు.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. పాలు మాత్రం మాడిపోయాయి.

#20 నైట్‌షిఫ్ట్_నరేష్

అక్కా, ఇది చదివి నాకే బాధేసింది. నేను స్టార్స్ అంటే స్టార్ మా అనుకునేవాణ్ణి.

#21 చెస్టర్‌ఫీల్డ్_శీను

మొదటి రౌండు విన్నిపెగ్‌ది వదిలేయకండి. ఐదో మ్యాచ్‌లో పావు నిమిషం మిగిలుండగా జేడెన్ ష్వార్ట్జ్ గెలుపు గోల్, ఆరో మ్యాచ్‌లో అతనిదే హ్యాట్రిక్. సీజనంతా గోల్స్ రాక తల పట్టుకున్న మనిషి, ప్లేఆఫ్స్‌లో మాత్రం 12 కొట్టాడు.

అద్దెబ్బాయ్ అదృష్టం అదృష్టం అంటున్నాడు కదా, మూడో రౌండ్లో మాకు పట్టిన దరిద్రం కూడా లెక్కలో వేసుకో. శాన్ హోసేతో మూడో మ్యాచ్, ఓవర్‌టైమ్. వాళ్ల టిమో మయర్ పక్‌ని చేత్తో తోశాడు, అది అందుకున్నవాడు ఇంకొకడికిచ్చాడు, కార్ల్‌సన్ గోల్. చేత్తో సొంత జట్టువాడికి ఇస్తే ఆట ఆపాలి. మంచు మీద నలుగురు అధికారులున్నారు, ఒక్కరూ చూళ్లేదు. స్టేడియంలో 18 వేల మంది చూశారు. దానికి రీప్లే చూసే వీలు అప్పటి రూల్‌లో లేదు, తర్వాతి సీజన్‌కి మార్చారు.

దరిద్రుడు తల కడిగితే వడగళ్ల వాన అనుకున్నాం. డిసెంబరు నాటి జట్టయితే అక్కడే చితికిపోయేది. ఆ తర్వాత మూడు మ్యాచ్‌లు: 2-1, 5-0, 5-1. అన్నీ మావే.

#22 బాస్టన్_బావ

హ్యాండ్ పాస్ మీద ఇంత ఏడుస్తున్నావు కదా శీనూ, ఫైనల్ ఐదో మ్యాచ్‌లో బోజాక్ మా అచ్చారీ కాళ్లు లాగేసిన సంగతి చెప్పవేం? మావాడు మంచు మీద వెల్లకిలా పడ్డాడు, రిఫరీ ఎదురుగానే ఉన్నాడు, విజిల్ లేదు. కొన్ని సెకన్లకే పెరాన్ గోల్. మ్యాచ్ 2-1. ఆ ఒక్క గోలే తేడా!

#23 చెస్టర్‌ఫీల్డ్_శీను

అది... కొంచెం తగిలింది, అంతే.

#24 బాస్టన్_బావ

కొంచెమా? ఆ "కొంచెం" మా ఊళ్లో ఎవరితోనైనా అనిచూడు.

#25 టొరంటో_తాతయ్య

పిల్లలూ, కొట్టుకోకండి. పెద్దవాణ్ణి, ఫైనల్ నేను చెప్తా, నాకు ఇద్దరూ పరాయివాళ్లే.

మొదటి మ్యాచ్ బాస్టన్‌ది. రెండోది ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. మూడో పీరియడ్ (ఇరవై నిమిషాల ఆఖరి భాగం) చివర్లో బ్లూస్ డిఫెన్స్ ఆటగాడు కార్ల్ గున్నార్సన్ కొట్టిన షాట్ గోల్ పోస్టుకి తగిలింది. విరామంలో బాత్రూములో పక్కపక్కన నిలబడి కోచ్‌తో "ఇంకొక్క అవకాశం చాలు" అన్నాడట. ఓవర్‌టైమ్‌లో కొట్టేశాడు. 52 ఏళ్లలో బ్లూస్‌కి ఫైనల్స్‌లో అదే మొదటి గెలుపు, దాని పునాది రాయి బాత్రూములో పడింది. మూడోదానిలో 7-2తో చావుదెబ్బ, బినింగ్టన్‌ని మధ్యలోనే బయటికి తీశారు. నాలుగు, ఐదు మళ్లీ బ్లూస్‌వి. బాస్టన్ కెప్టెన్ చారా దవడ విరిగినా ఐదో మ్యాచ్ ఆడాడు, అది కూడా చెప్పుకోవాలి. ఆరోది సొంతూళ్లో గెలిస్తే కప్పు. ఊరి పత్రిక డిజిటల్ ఎడిషన్లో అభినందనల ప్రకటన ముందే బయటపడింది. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు. 5-1తో ఓడారు.

ఏడోది బాస్టన్‌లో. మొదటి పీరియడంతా బాస్టన్‌దే దాడి, బ్లూస్‌వి మొత్తం నాలుగు షాట్లు. అందులో రెండు గోల్స్! ఒకటి ఓ'రైలీ, ఇంకొకటి ఎనిమిది సెకన్లుండగా కెప్టెన్ పియట్రాంజలో. చివరికి 4-1. బినింగ్టన్ 33లో 32 ఆపాడు.

#26 బాస్టన్_బావ

ఆ ఎనిమిది సెకన్ల గోలప్పుడు మా మార్షండ్ మార్పు కోసం బెంచీకి వెళ్లిపోయాడు. మధ్యలో పియట్రాంజలోకి దారి రహదారిలా తెరుచుకుంది. అది మాత్రం మా తప్పే. అదొక్కటే.

#27 అమలాపురం_అచ్చిబాబు

ఓ'రైలీ గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ముందు ఏడాది బఫలోలో ఉన్నాడు, ఆ జట్టు లీగులో ఆఖరు. ఓడి ఓడి ఆట మీద ప్రేమే పోతోందని పైకే చెప్పుకున్నాడు. అక్కణ్ణించి ఇక్కడికొస్తే జనవరికి మళ్లీ ఆఖరే! నేనైతే జాతకం చూపించుకునేవాణ్ణి. పక్కటెముక చిట్లినా ఆడాడు, ఫైనల్ చివరి నాలుగు మ్యాచ్‌ల్లోనూ గోల్ కొట్టాడు, ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ తీసుకున్నాడు. నాకు గోలీ కంటే ఇతనే ఎక్కువ.

#28 నైట్‌షిఫ్ట్_నరేష్

నేను ఆ రోజు షిఫ్ట్‌లో ఉన్నా. మనకి జూన్ 13 ఉదయం ఐదున్నరకి మొదలు. మా క్లయింటు సెయింట్ లూయిస్ వాడు, ఆ రాత్రి ఒక్క కంప్లయింట్ టికెట్ కూడా రాలేదు. ఎనిమిదిన్నరకి ఒకే ఒక్క మెయిల్, సబ్జెక్టులో "గ్లోరియా", లోపల ఖాళీ. వైరస్ అనుకుని సెక్యూరిటీ టీముకి పంపించా.

అదే రోజు మధ్యాహ్నం నాటింగ్‌హామ్‌లో ఇండియా, న్యూజీలాండ్ ప్రపంచకప్ మ్యాచ్ ఒక్క బంతి పడకుండా వర్షంలో పోయింది. అందుకే తేదీ గుర్తుంది.

#29 కొత్త_అద్దెవాడు

నరేషన్నా, సెక్యూరిటీ టీముకా? 😂

#30 చెస్టర్‌ఫీల్డ్_శీను

ఆ రాత్రి సంగతి అడగవేం? మ్యాచ్ బాస్టన్‌లో జరుగుతుంటే ఇక్కడ హాకీ స్టేడియంలోనూ, పక్కన బేస్‌బాల్ మైదానం బుష్ స్టేడియంలోనూ పెద్ద తెర మీద చూడ్డానికి జనం. నేను బుష్‌లో ఉన్నా. మూడో పీరియడ్లో 3-0 అయ్యాక నా ముందు వరసలో ఒక ముసలాయన కూర్చుని చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. బాగోలేదేమో అని అడిగితే, మా నాన్న 1970లో చూశాడు, ఇది చూడకుండానే పోయాడు అన్నాడు. నాకు నోట మాట రాలేదు. భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డా, అంతే. జూన్ 15న మార్కెట్ వీధిలో ఊరేగింపు. తిరనాళ్లలో తప్పిపోయినట్టు మా బుడ్డోడు అరగంట కనబడలేదు, వెతికితే ఎవరి భుజాల మీదో కూర్చుని కేకలేస్తున్నాడు.

ఫుట్‌బాల్ జట్టు రామ్స్ 2016లో మమ్మల్ని వదిలేసి లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయింది. బేస్‌బాల్‌లో 2004, 2013 ఫైనల్స్ బాస్టన్ చేతిలోనే ఓడాం. 2002 సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) కూడా ఆ ఊరి జట్టుకే. ఇవన్నీ తెలిస్తే నీ పక్క సీటాయన ఎందుకు అలా వాగుతాడో అర్థమవుతుంది.

#31 లెక్కల_మాస్టారు

లాటరీ అన్నవాళ్లకి ఒక బహుమతి. ఆ జనవరిలో ఒక బ్లూస్ అభిమాని లాస్ వేగస్‌లో తన జట్టు మీద 400 డాలర్లు కాశాడు, ఒకటికి 250. జూన్‌లో లక్ష డాలర్లు. మధ్యలో ఆ టికెట్ కొంటామని మంచి బేరాలు వచ్చినా అమ్మలేదు. ఆయనకి సంభావ్యత నేర్పాలనుకునే మాస్టారి జీతం ఆయన కంటే తక్కువ.

#32 అమలాపురం_అచ్చిబాబు

మాస్టారూ, మీరు లాటరీ కాదని మొదలెట్టి ఇక్కడ తేలారు.

#33 లెక్కల_మాస్టారు

కాశానని చెప్పలేదుగా.

#34 టొరంటో_తాతయ్య

ఆ తర్వాత ఏమైందో కూడా వినండి, ఊరికే పండగ చేసుకోకండి. మరుసటి ఏడు కోవిడ్‌తో ఆట ఆగేటప్పటికి బ్లూస్ లీగు పశ్చిమ భాగంలో మొదటి స్థానం, మళ్లీ మొదలయ్యాక వాంకూవర్ చేతిలో మొదటి రౌండ్లో పోయారు. పియట్రాంజలో వేగస్ వెళ్లిపోయాడు. ఓ'రైలీని 2023లో మా టొరంటోకి ఇచ్చారు. బెరూబీని డిసెంబరు 2023లో తీసేస్తే 2024లో ఆయనా మా కోచయ్యాడు. మాకు 1967 నుంచి కప్పు లేదు, అందుకని 2019 పెళ్లి భోజనంలో మిగిలినవన్నీ తెచ్చి వేడి చేసుకుంటున్నాం. మరూన్ ఒక్కడే తెలివైనవాడు, టాంపా వెళ్లి 2020, 2021 కూడా గెలిచి మూడేళ్లలో మూడు కప్పులు జేబులో వేసుకున్నాడు.

#35 ఫ్రిస్కో_రమణి

తాతయ్య గారూ, అసలైన విచిత్రం మర్చిపోయారు. 2019 మే 7న ఏడో మ్యాచ్ రెండో ఓవర్‌టైమ్‌లో ఓడిన మా స్టార్స్ కోచ్ ఎవరు? జిమ్ మాంట్‌గమరీ. 2024 నవంబరులో బ్లూస్ కోచ్ అయ్యాడు. కొత్త జట్టుతో 2025 వసంతంలో వరసగా 12 గెలిచి 2019 నాటి రికార్డు కొట్టాడు. ఆ మే 4న విన్నిపెగ్‌లో ఏడో మ్యాచ్. 3-1 ఆధిక్యం. రెండు సెకన్లు కూడా లేవనగా విన్నిపెగ్ సమం చేసింది. రెండో ఓవర్‌టైమ్‌లో బ్లూస్ ఓటమి. ఆ రాత్రి మా వాడు నవ్వాలో ఏడవాలో తెలీక ఫ్రిజ్ తెరిచి నిలబడ్డాడు.

#36 బాస్టన్_బావ

ఆయన మధ్యలో మా కోచ్ కూడా. 2022-23లో 135 పాయింట్లు, లీగు చరిత్రలోనే ఎక్కువ. మొదటి రౌండ్లో ఫ్లోరిడా చేతిలో పోయాం. తర్వాత ఆయన్ని తీసేసిన తేదీ నవంబరు 19. శీను చెప్పిన మైక్ యో తేదీ కూడా అదే. కోచ్‌లకి ఆ రోజు అమావాస్య అయ్యుంటుంది.

#37 కొత్త_అద్దెవాడు

135 పాయింట్లతో మొదటి రౌండ్లో అవుట్, 99తో కప్పు. నా మొదటి ప్రశ్న ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చింది. 😅 కానీ ఇప్పుడు లాటరీ అనాలని మాత్రం అనిపించడం లేదు. ఎవరు కారణం అంటే శీను గారు కోచ్, తాతయ్య గారు గోలీ, అచ్చిబాబు గారు ఓ'రైలీ. నాకైతే 10-3 అంకె మనసులో నిలబడిపోయింది.

అక్టోబరులో ఒక మ్యాచ్‌కి వెళ్తున్నా. పక్క సీటాయనే తీసుకెళ్తానన్నాడు. స్వెట్టర్ వేసుకోవాలా?

#38 చెస్టర్‌ఫీల్డ్_శీను

రెండు. రింక్ చుట్టూ ఉండే అద్దం పక్కన సీటైతే మూడు. పులిహోర తీసుకెళ్లకు, గేటు దగ్గర ఆపుతారు, నాకు అనుభవమే.

#39 నైట్‌షిఫ్ట్_నరేష్

పాట వస్తే మాత్రం లేచి గంతెయ్యి. వైరస్ కాదు అది.

#40 బాస్టన్_బావ

అందరూ అయిపోయిందనుకుంటున్నారు కాబట్టి మళ్లీ చెప్తున్నా. బోజాక్‌ది పెనాల్టీయే.